పాఠం – 9: లౌడ్‌స్పీకర్లలో ధ్వని విభజన – క్రాస్‌ఓవర్ ఎంపిక చరిత్ర

9.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ఒకే పెట్టెలో రెండు మూడు స్పీకర్లు ఎందుకు అవసరమయ్యాయో వివరించగలుగుతారు.
• 1933 నుంచి నేటి వరకు క్రాస్‌ఓవర్ పౌనఃపున్యం ఎలా మారుతూ వచ్చిందో, ఆ మార్పులకు కారణాలేమిటో చెప్పగలుగుతారు.
• ఒక స్పీకరు వ్యవస్థకు తగిన విభజన స్థానాన్ని, వాలును ఎంచుకొనేటప్పుడు వేయవలసిన ప్రశ్నలను గుర్తించగలుగుతారు.

9.1 పరిచయం

చాలా ఏళ్ల కిందట ఒక అధ్యయన కేంద్రంలో ఆదివారం సంపర్క తరగతికి వెళ్లాను. హాలు నిండా విద్యార్థులు. వేదికకు అటూ ఇటూ పెద్ద స్పీకరు పెట్టెలు రెండు ఉన్నాయి. ఒక్కో పెట్టెలో కింద పదిహేను అంగుళాల స్పీకరు, పైన ఒక హార్న్. పాఠం మొదలుపెట్టిన అరగంటకు వెనక వరుసలో ఒకామె లేచి, “సార్, మీ గొంతు వినిపిస్తోందండి, మాటలే తెలియడం లేదు” అన్నది. నేను శబ్దం పెంచమన్నాను. గొంతు ఇంకా పెద్దదైంది కానీ, మాట మాత్రం తేట పడలేదు.

మధ్యాహ్నం భోజన విరామంలో మైకు పనివాడు పెట్టె విప్పి చూశాడు. రెండు హార్న్‌లలోనూ పలుచని పొర చిరిగిపోయి ఉంది. ఆ హార్న్‌ను 1200 హెర్ట్జ్‌కు కింద వాడకూడదని దాని మీదే రాసి ఉంది. ఎవరో ఒక పాత సినిమా హాలు అమరికలోని అంకెను చూసి, ఇక్కడ కూడా 500 దగ్గర పెట్టారు. అతను కొత్త పొరలు వేసి, విభజనను 1600కు జరిపాడు. మధ్యాహ్నం తరగతిలో వెనక వరుసలోని ఆమె తల ఎత్తకుండా రాసుకొన్నది. అయితే దూరపు ఊళ్ల నుంచి వచ్చినవారు కొందరు ఉదయం తరగతి కాగానే బస్సు పట్టుకొని వెళ్లిపోయారు. సంపర్క తరగతులు ఏడాదికి ఎన్ని ఉంటాయో మీకు తెలుసు. ఆ ఉదయం పాఠం వారికి మళ్లీ దొరకలేదు.

ఆ 500 అనే అంకె తప్పుడు అంకె కాదు. వేరొక కాలంలో, వేరొక యంత్రానికి అది సరైన జవాబే. ఆ జవాబు ఏ ప్రశ్నకు వచ్చిందో తెలియకుండా తెచ్చి ఇక్కడ పెట్టడమే తప్పు. క్రాస్‌ఓవర్ చరిత్రను 300, 500, 1000, 575, 3000, 80 అనే ఆరు అంకెల ద్వారా మనం పరిశీలిద్దాం. ప్రతి అంకె దగ్గరా ఆగి, “ఇదే ఎందుకు?” అని అడుగుదాం.

9.2 ఒకే స్పీకరు ఎందుకు చాలదు?

మనిషి చెవి సుమారు 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ వరకు వింటుంది. హెర్ట్జ్ అంటే సెకనుకు ఒక కంపనం. గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. ఈ వేగాన్ని పౌనఃపున్యంతో భాగిస్తే తరంగదైర్ఘ్యం వస్తుంది. 20 హెర్ట్జ్ తరంగం పొడవు 17 మీటర్లు. 20,000 హెర్ట్జ్ తరంగం పొడవు 17 మిల్లీమీటర్లు. అంటే వెయ్యి రెట్లు తేడా. ఈ రెండింటినీ ఒకే కాగితపు శంకువు సమర్థంగా పుట్టించాలని కోరడం, గునపంతోనే గుంత తవ్వి దానితోనే చొక్కా కుట్టమనడం వంటిది.

మంద్ర ధ్వనికి చాలా గాలిని కదిలించాలి. అదే స్థాయి శబ్దానికి పౌనఃపున్యం సగమైతే శంకువు కదలిక నాలుగు రెట్లు కావాలి. కాబట్టి శంకువు పెద్దదై ఉండాలి. తార ధ్వనికి క్షణంలో వేల సార్లు ముందుకూ వెనక్కూ కదలాలి. కాబట్టి అది తేలికగా, చిన్నదిగా ఉండాలి. పైగా తరంగదైర్ఘ్యం శంకువు వ్యాసం కన్నా చిన్నదైనప్పుడు ధ్వని నలుదిక్కులా పరచుకోక టార్చిలైటు వెలుగులా ఎదురుగా మాత్రమే పోతుంది. పన్నెండు అంగుళాల, అంటే సుమారు 30 సెంటీమీటర్ల స్పీకరుకు ఈ స్థితి 1100 హెర్ట్జ్ ప్రాంతంలో వస్తుంది. అప్పుడు ఎదురుగా కూర్చున్నవారికి మాట తేటగా వినబడుతుంది, పక్కన కూర్చున్నవారికి ముద్దగా వినబడుతుంది.

మాటకు దీనితో సంబంధం ఏమిటి? గొంతులోని నాదం, అచ్చుల బలం ఎక్కువగా కింది పౌనఃపున్యాలలో ఉంటాయి. హల్లులను వేరుచేసి చూపే సూక్ష్మ ధ్వనులు చాలావరకు పై పౌనఃపున్యాలలో ఉంటాయి. ‘కల’, ‘తల’ మధ్యనూ, ‘సాకు’, ‘చాకు’ మధ్యనూ ఉన్న తేడా ఆ పై భాగం మీదే ఆధారపడుతుంది. పై భాగం పోతే గొంతు మిగులుతుంది, మాట పోతుంది. పరిచయంలోని విద్యార్థిని చెప్పింది సరిగ్గా ఇదే.

9.3 టెలిఫోన్ తీగ నుంచి వచ్చిన విద్య

ధ్వనిని రెండు దారులుగా విడదీసే విద్య స్పీకరు కోసం పుట్టలేదు. ఒకే తీగ మీద అనేక సంభాషణలు పంపాలంటే వాటిని పౌనఃపున్యాలను బట్టి వేరుచేయాలి. ఈ అవసరం కోసం మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలో జార్జి కాంప్‌బెల్, జర్మనీలో కార్ల్ వాగ్నర్ విడివిడిగా విద్యుత్ వడపోతలను రూపొందించారు. 1930లో బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు స్టీఫెన్ బటర్‌వర్త్ తన పేరుతోనే నేటికీ పిలుస్తున్న వడపోత పద్ధతిని ప్రచురించాడు.

సూత్రం సులభమైనదే. కెపాసిటర్ ఎక్కువ పౌనఃపున్యాలను పోనిచ్చి తక్కువవాటిని అడ్డగిస్తుంది. తీగచుట్ట తక్కువవాటిని పోనిచ్చి ఎక్కువవాటిని అడ్డగిస్తుంది. 8 ఓముల ట్వీటరుకు వరుసగా 6.6 మైక్రోఫారడ్ల కెపాసిటర్ కలిపితే సుమారు 3000 హెర్ట్జ్ దగ్గర విభజన వస్తుంది. దశాంశ బిందువు ఒక స్థానం జరిగి 66 మైక్రోఫారడ్లు పడితే విభజన 300కు దిగిపోతుంది, ట్వీటరు మాడిపోతుంది. ఇలా ఒకే భాగం వాడితే వాలు ఒక స్థాయికి 6 డెసిబెల్‌లు. స్థాయి అంటే సంగీతంలో మనం మంద్ర, మధ్య, తార అని చెప్పుకొనే అర్థంలోనే, పౌనఃపున్యం రెట్టింపు కావడం. రెండు భాగాలు వాడితే వాలు 12, నాలుగు వాడితే 24 డెసిబెల్‌లు.

స్పీకరు విషయానికి వస్తే, 1925లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్‌లు నేటి శంకువు స్పీకరుకు మూలరూపమైన నమూనాను వివరించారు. 1926, 1927 సంవత్సరాలలో అమెరికన్ సినిమాకు ధ్వని వచ్చింది. వేలమంది కూర్చునే హాళ్లలో ఒకే రకం హార్న్ చాలడం లేదని త్వరలోనే తెలిసింది.

9.4 మొదటి అంకె: 300 (1933)

1933 ఏప్రిల్ 27న ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రా తన సొంత నగరంలోనే వాయించగా, వాషింగ్టన్‌లోని కాన్‌స్టిట్యూషన్ హాలులో ఖాళీ వేదిక ముందు కూర్చున్న శ్రోతలు దాన్ని విన్నారు. బెల్ ప్రయోగశాలల పక్షాన హార్వీ ఫ్లెచర్ ఈ ప్రదర్శనకు నాయకత్వం వహించాడు. ఆర్కెస్ట్రా నిర్దేశకుడు లియొపోల్డ్ స్టకోవ్‌స్కీ ఆ రోజు బృందాన్ని నడపకుండా, వాషింగ్టన్‌లో మీటల ముందు కూర్చొని ధ్వనిని నియంత్రించాడు.

మూడు టెలిఫోన్ మార్గాలు, వాటికి మూడు స్పీకరు వ్యవస్థలు. ఒక్కో వ్యవస్థలో మంద్ర ధ్వనికి పెద్ద మడత హార్న్, దాని పైన ఎక్కువ పౌనఃపున్యాలకు గదులు గదులుగా విభజించిన హార్న్. విభజన 300 హెర్ట్జ్ దగ్గర.

300 ఎందుకు? పై హార్న్‌ను వెంటె, థురాస్ అనే ఇంజనీర్లు అంత కిందివరకు పనిచేసేంత పెద్దదిగా, దృఢంగా తయారుచేశారు కనుక. ఆ హార్న్ ధ్వనిని విశాలంగా పరచగలదు. కాబట్టి సంగీతంలో ముఖ్య భాగమంతా ఒకే మార్గం నుంచి వచ్చేటట్లు చేశారు. ఖర్చు, పరిమాణం ఆ ప్రదర్శనకు అడ్డు కాలేదు. ఈ స్వేచ్ఛ తరువాతివారికి లేదు.

9.5 రెండో అంకె: 500 (సినిమా హాలు)

హాలీవుడ్‌లో ఎంజీఎం స్టూడియో ధ్వని విభాగానికి డగ్లస్ షియరర్ అధిపతి. జాన్ హిల్లియర్డ్, జేమ్స్ లాన్సింగ్ మొదలైనవారు ఆయన బృందంలో పనిచేశారు. ఫ్లెచర్ వ్యవస్థను సినిమాకు పరీక్షించినప్పుడు ఒక విచిత్రం బయటపడిందని చెబుతారు. ఎలినార్ పవెల్ నృత్యంలో బూటు చప్పుడు ఒకటే అయినా రెండుసార్లు వినబడింది.

కారణాన్ని మీరే లెక్కించవచ్చు. మంద్ర హార్న్ పొడవుగా మడతలు తిరిగి ఉంటుంది. పై హార్న్ పొట్టిది. దారుల మధ్య ఎనిమిది అడుగుల తేడా ఉందనుకోండి. ధ్వని సెకనుకు సుమారు 1100 అడుగులు పోతుంది. అంటే కింది భాగం దాదాపు 7 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. సంగీతంలో ఇది మరుగుపడవచ్చు కానీ, టక్కుమనే చప్పుడులో పట్టుబడుతుంది. ఒక చప్పుడు తల ముందు వచ్చి, మొండెం వెనక వచ్చిందన్నమాట.

షియరర్ బృందం మంద్ర హార్న్ దారిని కుదించి, రెండింటి దూరాలను దగ్గరికి తెచ్చింది. పౌనఃపున్యాలను సరిగా పంచడం ఒక్కటే చాలదు, పంచిన భాగాలు శ్రోత చెవి దగ్గర ఒకేసారి కలవాలి అన్నది ఇక్కడ నేర్చుకొన్న పాఠం. 1936 సంవత్సరానికి అకాడమీ సాంకేతిక పురస్కారం ఈ రెండు మార్గాల హార్న్ వ్యవస్థకు దక్కింది.

1945లో ఆల్టెక్ లాన్సింగ్ సంస్థ ‘వాయిస్ ఆఫ్ ది థియేటర్’ వరుసను విడుదల చేసింది. వీటిలో ప్రసిద్ధమైన ఏ7 నమూనా రెండు రకాలుగా దొరికేది. ఒకదానిలో విభజన 500 హెర్ట్జ్, మరొకదానిలో 800. కింది స్పీకరు రెండింటిలోనూ పదిహేను అంగుళాలదే. మారింది పై హార్న్. 500 వరకు దిగాలంటే పెద్ద హార్న్ కావాలి. 800తో సరిపెట్టుకొంటే చిన్న హార్న్ చాలు. అంటే ఈ అంకెను నిర్ణయించింది పై భాగం శక్తి. మా సంపర్క తరగతిలో 500 పెట్టినవారు అంకెను తెచ్చారు, దానికి తగిన హార్న్‌ను తేలేదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
అ) శంకువు వ్యాసానికీ, ధ్వని పక్కలకు పరచుకోవడానికీ సంబంధం ఏమిటి?
ఆ) బూటు చప్పుడు రెండుసార్లు వినబడటానికి కారణం రాయండి.

9.6 మూడు, నాలుగు అంకెలు: 1000 నుంచి 575 (ఇల్లు)

1950 దశకంలో శ్రోత హాలు నుంచి ఇంటి గదికి వచ్చాడు. ఎడ్గర్ విల్చర్ స్థాపకులలో ఒకరైన అకూస్టిక్ రిసెర్చ్ సంస్థ గాలి చొరబడని చిన్న పెట్టెతోనే లోతైన మంద్ర ధ్వనిని ఇవ్వవచ్చని చూపింది. 1958లో వచ్చిన ఏఆర్-3లో పన్నెండు అంగుళాల వూఫర్, మధ్య భాగానికీ పై భాగానికీ చెరొక గుమ్మటం ఆకారపు స్పీకరు ఉన్నాయి. విభజనలు 1000, 7500 హెర్ట్జ్ దగ్గర.

పన్నెండు అంగుళాల స్పీకరు 1100 ప్రాంతంలో టార్చిలైటు అవుతుందని పైన చూశాం. కాబట్టి 1000 దాని శక్తికి అంచు. 1967లో అదే సంస్థ ఏఆర్-3ఏ నమూనాలో విభజనలను 575, 5000కు దించింది. 575 హెర్ట్జ్ తరంగం పొడవు 59 సెంటీమీటర్లు, వూఫర్ వ్యాసానికి దాదాపు రెట్టింపు. అందువల్ల వూఫర్ తన పని ముగించేవరకు ధ్వని గదిలో అన్ని వైపులా పరచుకొంటుంది. అయితే మధ్య గుమ్మటం ఇప్పుడు ఇంకా కిందికి దిగి ఎక్కువ భారం మోయాలి. అందుకు తగినట్లు దాన్ని కొత్తగా తయారుచేయవలసి వచ్చింది. పై స్పీకరును కూడా చిన్నది చేశారు.

ఒకే సంస్థ, ఒకే పరిమాణం వూఫర్, తొమ్మిదేళ్ల తేడా. అంకె దాదాపు సగమైంది. మొదటిది తప్పని దీని అర్థం కాదు. పక్క స్పీకరు బలపడినప్పుడు సరిహద్దును జరపవచ్చునని అర్థం.

ఈ కాలంలోనే విభజన అసలు వద్దన్నవారూ ఉన్నారు. 1968లో అమర్ బోస్ సంస్థ విడుదల చేసిన 901 నమూనాలో ఒకే రకం చిన్న స్పీకర్లు తొమ్మిది ఉన్నాయి, క్రాస్‌ఓవర్ లేదు. చిన్న శంకువుల కొరతను విడి ఈక్వలైజరుతో పూరించారు. ఒక ఇబ్బందిని తప్పించుకొంటే మరొక చోట దాని వెల కట్టాలన్నదానికి ఇది మంచి ఉదాహరణ.

9.7 అయిదో అంకె: 3000 (బీబీసీ వ్యాను)

1970 దశకం మొదట్లో బీబీసీ ఇంజనీర్లకు ఒక చిన్న సమస్య వచ్చింది. బయటి ప్రసారాలకు వెళ్లే వ్యానులో పెద్ద స్పీకరుకు చోటు లేదు. అయినా ప్రసారమయ్యే మాటను నమ్మకంగా పరీక్షించాలి. వారు రూపొందించిన ఎల్ఎస్3/5ఏ అనే చిన్న స్పీకరులో సుమారు అయిదు అంగుళాల వూఫర్, ముప్పాతిక అంగుళం ట్వీటరు ఉన్నాయి. రెండూ కెఇఎఫ్ సంస్థవి. విభజన 3000 హెర్ట్జ్ ప్రాంతంలో.

మన చెవి 2000 నుంచి 5000 హెర్ట్జ్ మధ్య అన్నిటికన్నా సునిశితంగా ఉంటుంది. కాబట్టి 3000 దగ్గర విభజించడం ప్రమాదకరమైన చోట అతుకు వేయడమే. కానీ ఆ చిన్న ట్వీటరును ఇంకా కిందికి దించలేరు. దాన్ని 3000 నుంచి 1500కు దించితే, అదే శబ్దానికి ఆ సరిహద్దులో కదలిక నాలుగు రెట్లవుతుంది. అందుకని ఇంజనీర్లు అతుకు చోటు మార్చకుండా అతుకును జాగ్రత్తగా కుట్టారు. రెండు స్పీకర్ల స్వభావాలను కొలిచి, క్రాస్‌ఓవర్‌లో అనేక భాగాలు చేర్చి, ఎగుడుదిగుడులను సరిచేశారు. పుస్తక సూత్రంలోని రెండు భాగాలతో ఈ పని అయ్యేది కాదు. ఎందుకంటే సూత్రం 8 ఓములు స్థిరంగా ఉంటుందని అనుకొంటుంది. నిజమైన స్పీకరు నిరోధం పౌనఃపున్యంతో పాటు మారుతూనే ఉంటుంది.

9.8 వాలు సంగతి: లింక్‌విట్జ్, రైలీ (1976)

ఇంతవరకు ఎక్కడ విడదీయాలో చూశాం. ఎంత నిటారుగా విడదీయాలన్నది రెండో ప్రశ్న. బటర్‌వర్త్ పద్ధతిలో సరిహద్దు దగ్గర ఒక్కో మార్గం 3 డెసిబెల్‌లు తగ్గి ఉంటుంది. రెండు స్పీకర్లూ అక్కడ ఒకే దశలో కదిలితే, కలిసిన ధ్వని 3 డెసిబెల్‌లు పెరిగి గుట్టలా కనబడుతుంది. దశలు వేరైతే కలిసే దిశ పైకో కిందికో ఒరుగుతుంది. కూర్చుంటే ఒకలా, లేచి నిలబడితే మరొకలా వినబడటానికి ఇది ఒక కారణం.

హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థలో పనిచేస్తున్న సీగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జ్ 1976లో దీనికి పరిష్కారం ప్రచురించాడు. ఆయన సహోద్యోగి రస్ రైలీ పేరు కూడా ఈ పద్ధతికి చేరింది. ఇందులో సరిహద్దు దగ్గర ఒక్కో మార్గం 6 డెసిబెల్‌లు, అంటే సరిగ్గా సగం కంపన పరిమితికి తగ్గుతుంది. రెండూ ఒకే దశలో ఉంటాయి. సగం, సగం కలిసి ఒకటి. ఎక్కువగా వాడే రూపంలో వాలు స్థాయికి 24 డెసిబెల్‌లు. 12 డెసిబెల్‌ల రూపంలో ఒక స్పీకరు తీగలను తిప్పి కలపాలి. లేకపోతే రెండూ ఎదురెదురై సరిహద్దులో గొయ్యి పడుతుంది. చేతితో పెట్టెలు చేసేవారు తరచూ పొరబడేది ఇక్కడే.

9.9 ఆరో అంకె: 80 (నేటి ఇల్లు)

మీ ఇంట్లో హోమ్ థియేటర్ ఉంటే, దాని సెట్టింగులలో 80 హెర్ట్జ్ అనే అంకెను చూసి ఉంటారు. లూకస్‌ఫిల్మ్‌లో టామ్‌లిన్‌సన్ హోల్మన్ రూపొందించిన టీహెచ్ఎక్స్ ప్రమాణం తరువాత ఇళ్లకు వచ్చినప్పుడు సబ్‌వూఫర్‌కు ఈ సరిహద్దును సిఫారసు చేసింది. 80 హెర్ట్జ్ తరంగం పొడవు నాలుగు మీటర్లకు పైనే. అంత పొడవైన తరంగం ఏ మూల నుంచి వస్తున్నదో చెవి సులభంగా పసిగట్టలేదు. కాబట్టి సబ్‌వూఫర్ సోఫా పక్కన ఉన్నా, మాట తెర నుంచే వస్తున్నట్లుంటుంది. 150 దగ్గర పెడితే మగ గొంతులోని నాదం కూడా సబ్‌వూఫర్‌లోకి పోయి, పాత్ర తెర మీద, గొంతు మూలలో ఉన్నట్లు అనిపించవచ్చు. అయితే మీ పక్క స్పీకర్లు మూడు అంగుళాలవైతే 80 వరకు దిగలేవు. అప్పుడు 120 పెట్టుకోవడమే మేలు. ఇక్కడ కూడా అంకె ఆజ్ఞ కాదు.

9.10 చరిత్ర నేర్పిన ప్రశ్నలు

ఈ ఆరు మజిలీల నుంచి మనకు అయిదు ప్రశ్నలు దక్కుతాయి. వీటిని ఇదే వరుసలో వేసుకోండి.

1. పై స్పీకరు ఎంత కిందివరకు భద్రంగా దిగగలదు? దాని అనునాద పౌనఃపున్యానికి కనీసం రెట్టింపు దగ్గర విభజించడం వాడుకలో ఉన్న నియమం. అనునాదం 1000 అయితే 2000కు కింద వద్దు. తయారీదారు కనీస అంకె ఇస్తే దాన్ని మీరకండి.
2. కింది స్పీకరు ఎంత పైవరకు ధ్వనిని పక్కలకు పరచగలదు? 340ని మీటర్లలో వ్యాసంతో భాగించండి. ఆ అంకెకు దిగువనే ఉండండి.
3. ఈ రెండు హద్దుల మధ్య చోటుందా? లేకపోతే ఏ సెట్టింగూ మిమ్మల్ని కాపాడదు. మూడో స్పీకరు చేర్చాలి లేదా ఒకదాన్ని మార్చాలి.
4. వాలు ఎంత? నిటారు వాలు ట్వీటరును కాపాడుతుంది, కానీ ఎక్కువ భాగాలు, ఎక్కువ ఖర్చు అడుగుతుంది.
5. భాగాలు శ్రోత దగ్గర ఒకేసారి, ఒకే దశలో కలుస్తున్నాయా? తీగల ధృవత్వం, స్పీకర్ల దూరం సరిచూడండి. డిజిటల్ పరికరమైతే ఆలస్యాన్ని మిల్లీసెకన్లలో సరిచేయవచ్చు. షియరర్ బృందం కొయ్యతో చేసిన పనిని నేడు మీట తిప్పి చేస్తున్నాం.

చివరగా, కొలత తరువాత చెవితో పరీక్షించండి. పాట పెట్టి కాదు, మాట పెట్టి. అదీ ముందు వరుసలో కాదు, చివరి వరుసలో పక్క కుర్చీలో కూర్చొని.

9.11 సారాంశం

టెలిఫోన్ తీగ కోసం పుట్టిన వడపోత 1933లో సంగీతానికి, 1936 నాటికి సినిమాకు, 1958 నాటికి ఇంటికి చేరింది. ప్రతి దశలోనూ విభజన అంకె మారింది. 300 హెర్ట్జ్‌ను పెద్ద హార్న్, 500ను సినిమా హాలు, 1000 నుంచి 575కు మార్పును మెరుగైన మధ్య స్పీకరు, 3000ను వ్యానులోని ఇరుకు, 80ని మన చెవి పరిమితి నిర్ణయించాయి. చరిత్ర విద్యార్థులుగా మీరు గ్రహించవలసింది ఇదే: అంకెను దాని సందర్భం నుంచి విడదీస్తే అది జ్ఞానం కాదు, వట్టి అలవాటు. ఆ అలవాటుకు ఒక ఉదయం పాఠాన్ని పోగొట్టుకొన్నది, బస్సు దిగి వచ్చి ముందు వరుసలో చోటు దొరకని విద్యార్థులే.

9.12 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. 1933 నుంచి 1976 వరకు ధ్వని విభజన పద్ధతులలో వచ్చిన మార్పులను కారణాలతో వివరించండి.
2. “క్రాస్‌ఓవర్ అంకె ఆజ్ఞ కాదు, సందర్భానికి జవాబు.” ఉదాహరణలతో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. ఏఆర్-3, ఏఆర్-3ఏ నమూనాల విభజనలను పోల్చండి.
2. ఎనిమిది అంగుళాల (20 సెంటీమీటర్ల) వూఫర్, 1200 హెర్ట్జ్ అనునాదం గల ట్వీటరు మీ దగ్గర ఉన్నాయి. 9.10లోని మొదటి మూడు ప్రశ్నల ఆధారంగా, ఈ జోడీ కుదురుతుందో లేదో లెక్కతో నిర్ణయించండి.
3. మీ ఊరి గుడిలోగాని, బడిలోగాని, పంచాయతీ సభలోగాని మైకు మాట వెనక వరుసకు ఎలా చేరుతున్నదో విని, మీ పరిశీలన రాయండి.